కండ నడిచొచ్చే దారి

గుత్తిలో మా జువాలజీ సార్ పోయారన్న ఫోను వచ్చేసరికి నేను బెంగళూరు ల్యాబులో మైక్రోస్కోపు ముందున్నాను. ఆయనకు చూపించాలని ఏళ్లుగా అనుకున్న ఫొటో అప్పుడే తీశాను. ఒక్కరోజు ముందు తీసి ఉంటే చూసేవారే! నా మీద నాకు ఆ కోపం ఇంకా తగ్గలేదు.

ఇంటర్‌లో సార్ మాకు ఒక తప్పు చెప్పారు. పిండంలో కాళ్లూ చేతులూ మొగ్గలుగా లేచేటప్పుడు వాటి కండలు అక్కడికక్కడే పుడతాయని. ఆయన పాత నోట్సులో అలాగే ఉండేది. మేం రాసుకున్నాం, పాసయ్యాం, తలో దిక్కూ పోయాం.

రెండేళ్ల తర్వాత మా ఊరు కంబదూరులో అమ్మా నేనూ వేరుశనగ పీకుతుంటే గట్టు పక్కన స్కూటర్ ఆగింది. సార్! చొక్కా చెమటకు ముద్దయిపోయింది.

"పాపా, మీకు తప్పు చెప్పినా. కొట్టేయ్. కాలి ఎముక ఆడ పుట్టిందే. కండ మాత్రం వెన్ను పక్కనుంచి నడిచొస్తాది. మనోళ్లు బెంగళూరుకు వలస పోతాండ్లా, అట్ల!"

"ఇంత ఎండలో దీనికోసరం వచ్చినారా సార్?" అంది అమ్మ.

"పరీక్ష అయిపోయిందమ్మా, తప్పు అయిపోలేదు."

గట్టు మీదే కూర్చుని, ఒక కొమ్మను వెన్నుగా పెట్టి, రెండు పక్కలా కాయలను జతలుగా పేర్చారు. ఒక కాయ ఒలిచి గింజలను ఒక్కొక్కటిగా బయటికి నడిపించారు. ఆ నడక నా కళ్లతో చూడాలని ఆ క్షణమే పంతం పట్టాను. నా చదువంతా ఆ గట్టు మీదే మొదలైంది.

ఇప్పుడు చూశాను! ఎలుక పిండంలో, వెన్ను పక్కనున్న చిన్న ముద్దల్లోంచి రంగుతో పచ్చగా మెరిసే, కండ కాబోయే కణాలు కాలి మొగ్గలోకి దిగిపోతున్నాయి. అచ్చం ఆ గింజల్లాగే. ల్యాబులో గట్టిగా అరిచేశాను. అంతలో ఆ ఫోను.

గుత్తిలో సార్ భార్య నాకు ఆయన నోట్సు ఇచ్చారు. ఆ తప్పు వాక్యం ఎర్ర సిరాతో కొట్టేసి ఉంది. కింద మా క్లాసు పేర్లన్నీ, ఒక్కో పేరు పక్కన టిక్కు. ఒక్క పేరుకు మాత్రం లేదు.

"విడపనకల్లు పిల్లోడు. వానికోసరం మీ సార్ రెండుసార్లు ఆ ఊరికి పోయినాడు పాపా, వాడు దొరకలేదు. ఆస్పత్రిలో గూడా వానికి చెప్పల్లనే అంటాండె" అన్నారామె.

మర్నాడే విడపనకల్లు బస్సెక్కాను. ఈసారి మా క్లాస్‌మేటు తను పనిచేసే టైర్ల షాపులోనే ఉన్నాడు. సార్ చెప్పాలనుకున్నది చెప్పి ఫోనులో ఫొటో చూపించాను.

"ఇది చెప్పేదానికి సార్ రెండుసార్లు వచ్చినాడా?" అన్నాడు. తర్వాత గ్రీజు చేతిని మడిచి, ఉబ్బిన కండ మీద వేలు పెట్టి, భుజం మీదుగా వీపు వైపు, అందినంత దూరం గీసుకుంటూ పోయాడు.