నొప్పి తెరిపిచ్చిన దినాలు

సహోదరులారా, సహోదరీలారా, మా అక్క రంగమ్మ నవ్వితే పత్తిచేను అవతలి గట్టు దాకా వినబడేది, ఆ నవ్వు కోసం నా చెవులు ఈనాటికీ వెదుకుతూనే ఉన్నాయి! విందు తిన్నప్పుడల్లా ఆమెకు కుడి డొక్కలో నొప్పి పట్టుకునేది, మెలికలు తిరిగిపోయేది. మా నాయుళ్ల ఇండ్లలో నెయ్యికి లేని మహిమ లేదు కదా, ఒంటి వేడి తగ్గాలని అమ్మ తెల్లవారగానే గిన్నెడు నెయ్యి కాచి తాగించేది, పాపం, ప్రేమతోనే. తరువాత కొన్నాళ్లు నొప్పి రాలేదు. అక్క మళ్లీ పత్తి ఏరడానికి వచ్చింది, గండం గడిచిందని అందరం సంతోషించాము. ఆ పైన చలిజ్వరం వచ్చింది, కళ్లు పచ్చబడ్డాయి, అక్క మాకు దక్కలేదు.

కొన్నేండ్లకు అదే నొప్పి నా డొక్కలోకి వచ్చింది! నా పెనిమిటి బండి కట్టి మదుర మిషన్ ఆసుపత్రికి తీసుకుపోయాడు, అమ్మ కూడా వచ్చింది. చంటిబిడ్డను ఒడిలో పెట్టుకుని "ప్రభువా, వీడు నన్ను అమ్మా అని పిలిచేదాకానైనా ఉంచు" అని దారి పొడుగునా ఏడ్చాను. అక్కడికి చేరేసరికి నొప్పి ఆగిపోయింది, స్తోత్రం! ఇంక ఇంటికి పోదామనుకున్నాను. అయితే డాక్టరు దొరసాని నా డొక్క తడిమి చూసి, అరవంలో నెమ్మదిగా చెప్పింది: "పిత్తపు సంచిలో రాళ్లున్నట్టున్నాయమ్మా. నొప్పి ఆగింది గాని రాళ్లు పోలేదు. ఒంట్లో బలమున్న ఇప్పుడే సంచి తీసేస్తే మేలు. ప్రాణానికి పూచీ ఇవ్వలేను. చీము పట్టినాక మాత్రం నా చేతిలో ఏమీ ఉండదు."

కంపెనీ దొరలు పోయి రాణిగారి దొరతనం నడుస్తున్న ఆ కాలంలో, కడుపు కోయడమంటే కాటికి పంపడమే అనుకునేవారు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు తల్లీ, నొప్పి పోయిందే! బాగుండే ఒంటిని కోయించుకునేదేమి? పెద్దదాన్ని మట్టిలో పెట్టింది చాలదా నాకు?"

నేను ఆసుపత్రి అరుగు మీద కూర్చుని "ప్రభువా, నొప్పి తీసినావు కదా, ఇంకా ఏమి చేయమంటావు?" అని అడిగాను. ఒడినిండా పత్తితో నవ్వుతున్న అక్క కళ్ల ముందు నిలిచింది. అక్కకూ ఇట్లాంటి తెరిపే దొరికింది, దానితో ఏమి చేసుకోవాలో చెప్పేవాళ్లే లేకపోయారు, నాకు చెప్పే మనిషిని దేవుడు ఎదురుగా నిలబెట్టాడు! లేచి దొరసానితో సరేనన్నాను.

మత్తుమందు గుడ్డ ముక్కు మీద వేస్తున్నప్పుడు ప్రభువు పేరూ అక్క పేరూ కలిసే నా నోట వచ్చాయి. మెలకువ వచ్చేసరికి అమ్మ నా కాళ్లు పట్టుకుని కూర్చుని ఉంది. దొరసాని గిన్నెలో ఉంచిన రాళ్లలో ఒకటి అరచేతిలోకి తీసుకుని అమ్మ "మన రంగి కడుపులోనూ ఇదేనా ఉండింది?" అని అడిగింది. ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాను.

నా బిడ్డ నన్ను అమ్మా అని పిలిచాడు, ఇప్పుడు వాడికి మీసాలు వచ్చాయి, దేవునికే మహిమ! ప్రియులారా, ఆయన మీకు నొప్పి లేని దినాలు ఇస్తే ఊరికే పోనివ్వకండి, భయపడుతూనే ఆయన చెయ్యి పట్టుకోండి, పోవలసిన చోటికి పోండి. ఈ మాట నేను మా అక్కకు చెప్పి ఉండవలసింది. ఆమె లేదు గనుక మీకు చెబుతున్నాను.