ఖాళీ డబ్బాల ధర

బన్సీలాల్‌పేట్ నివాసి జంగయ్య పదకొండేళ్లపాటు లాలాగూడ రైల్వే క్వార్టర్ల ఎదుట ఒక అద్దె గదిలో వీడియో గేముల దుకాణం నడిపాడు. అరగంటకు రెండు రూపాయలు. బడి వదలగానే పిల్లలు గుమ్మంలో చెప్పులు విడిచి ఎగబడేవారు. ఇళ్లలోకి కంప్యూటర్లు వచ్చిన పిమ్మట దుకాణం మూతపడింది. మిగిలిన ఆరు క్యాసెట్లను అతడు గుడ్డసంచిలో కట్టి అటక మీద భద్రపరిచాడు.

ఇరవై ఏళ్ల తరువాత ఆ సంచి కిందికి దిగడానికి కారణం భార్య బుచ్చమ్మ మోకాళ్లు. రవికెలు కుట్టే ఆమెను ఇకపై కాలితో మెషిన్ తొక్కరాదని డాక్టరు హెచ్చరించాడు. కరెంటు మెషిన్ ఇరవై వేలు. పాత గేములు సేకరించే అభిరామ్ అనే యువకుడి గురించి విని, జంగయ్య అతడిని ఇంటికి పిలిపించాడు.

అభిరామ్ ఒక్కొక్క క్యాసెట్‌ను వెలుతురుకు పెట్టి పరిశీలించాడు.

“అసలువే అంకుల్. ఒక్కోదానికి తొమ్మిది వందలిస్తాను.”

జంగయ్య ముఖం వాడిపోయింది.

“డబ్బాలు కూడా ఉంటే ఒక్కోటి ఏడు వేలు.”

“ఏ డబ్బాలు?”

“కొత్తప్పుడు క్యాసెట్ ఉండే అట్టపెట్టె, అంకుల్.”

“ఏందీ! ఆడుకునేదానికి తొమ్మిది వందలు, ఖాళీ అట్టకు ఆరు వేలా? ముసలోనితోని మజాక్ జేస్తున్నవా బిడ్డా?”

అభిరామ్ ఫోనులో ధరల గీత చూపించాడు. మెట్లబావి అడుగున నిలబడి పైకి చూసినట్లుగా, ఆ గీత మెట్టు మీద మెట్టుగా ఎక్కిపోయింది.

“అప్పటి పిల్లలకు ఇప్పుడు జీతాలొస్తున్నాయి. క్యాసెట్లు చాలామంది దాచారు. డబ్బాలు మాత్రం చించి పారేశారు.”

మెషిన్ వెనుక నుంచి బుచ్చమ్మ ఫక్కున నవ్వింది.

“నేను పారెయ్యలే. మరి నా గుండీలు దేంట్ల వెట్టిననుకున్నవ్?”

గుండీలు, హుక్కులు, సూదులు, దారపు కండెలు ఖాళీ చేసి ఆమె ఆరు డబ్బాలనూ వరుసగా పేర్చింది. ప్రతి మూత మీదా పసుపు, కుంకుమ. ఏటా దసరాకు మెషిన్‌తోపాటు వాటికి కూడా ఆమె ఆయుధ పూజ చేసేది.

అభిరామ్ నుదురు చిట్లించాడు. అది చూసిన జంగయ్య కండువా కొసను నీళ్లలో ముంచి మొదటి మూత మీదికి వంగాడు.

“ఆగండి అంకుల్! తడి తగిలితే అట్ట ఉబ్బుతుంది. పైసా రాదు!”

కండువా గాలిలోనే ఆగిపోయింది. ఒక నీటిబొట్టు నేల మీద రాలింది.

“మరకలున్నాయి కాబట్టి సగం ధరే ఇవ్వగలను,” అన్నాడు అభిరామ్.

“మరక గాదు. అమ్మవారి బొట్టు,” అంది బుచ్చమ్మ.

సగం ధరకే ఆరింటికీ ఇరవై ఒక్క వేలు వచ్చింది. అభిరామ్ వాటిని పసిపిల్లల వలె ఒడిలో పెట్టుకుని ఆటో ఎక్కాడు. జంగయ్య సందు మలుపు వరకూ చేతులు కట్టుకుని చూస్తూ నిలిచాడు.

కరెంటు మెషిన్ ఇంటికి వచ్చింది. దాని అట్టపెట్టెను జంగయ్య చించనివ్వలేదు. దసరా నాడు మెషిన్‌కు బొట్టు పెట్టిన బుచ్చమ్మ చేయి, ఆ పెట్టె ముందు ఆగింది.

“దీనికి పెట్టాల్నా, వద్దా?”

జంగయ్య పొడి కండువాతో పెట్టె మూత తుడిచాడు.

“పెట్టు. సగం ధరొచ్చినా మనకు మస్తు.”