మధ్యాహ్నం మేతకే వణికిన చిలుకపిల్ల

1944 వేసవి. అప్పటి సర్కారు కాగితాల్లో దాన్ని ఫస్లీ 1353, ఖుర్దాద్ మాసం అని రాసేవాళ్ళం. నేను మేడ్చల్‌లో పశువైద్యుణ్ణి. జనం నోట గొడ్ల డాక్టరును. మందలను ఊడ్చిపెట్టే ముసర రోగానికి టీకాలు వేయడానికి ఆ నెలలో షామీర్‌పేటలో మకాం వేశాను. చూసిన ప్రతి జీవి వివరాన్నీ ఆ రోజే రాసిపెట్టుకోవడం నాకు మొదటినుంచీ అలవాటు. కాబట్టి ఇక్కడ మనుషుల పేర్లు తప్ప నేను మార్చింది ఏమీ లేదు.

టీకాల చోటికి రాఘవరెడ్డి అనే భూస్వామి వచ్చాడు.

"డాక్టరు సాబ్, జర మా ఇంటిదాంక రావాలె. విషం కేసు."

ఎద్దా, బర్రెనా అని అడిగాను. అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"చిలుకపిల్ల."

నాకు ఒళ్ళు మండింది. ఊరి పశువులన్నీ ఎండలో నిలబడి ఉంటే చిలుక కోసం పిలుపా అన్నాను.

"చిలుక కోసం కాదు సాబ్. నా పెండ్లాం కోసం."

దారిలో సంగతి చెప్పాడు. అతని తల్లి నర్సమ్మ జన్మలో మొదటిసారి చిలుకను పెంచబోయింది. గీతకార్మికుడు తాటిచెట్టు తొర్రలోంచి తెచ్చిచ్చిన పిల్ల కొద్దిరోజులకే చచ్చిపోయింది. రెండో పిల్లను తెప్పించింది. ఇప్పుడు అదీ రోజూ మధ్యాహ్నం మేత తిన్న కాసేపటికే వణుకుతోంది. మేతకు శెనగపప్పు నానబెట్టి, రుబ్బి, జావ కాచేది కోడలు సత్తెమ్మ. "ఈ పిట్ట గోల పడలేక చస్తున్న" అని ఆమె ఒకసారి విసుక్కున్నదట. అత్తగారికి ఆ ఒక్క మాట చాలింది. విషం పెడుతున్నది కోడలేనని తేల్చేసి, కీసరలోని పుట్టింటికి తోలిరమ్మని కొడుకును పోరుతోంది.

విషం పెట్టిందన్న మాట మోసుకుని పుట్టింటికి చేరిన మనిషి చేతి అన్నం ఆ తరవాత ఎవరు తింటారు? ఇది ఎద్దు కేసు కంటే చిన్నది కాదని నాకప్పుడు అర్థమైంది.

నేను క్రైస్తవుణ్ణి. ఆ ఇంటి అరుగు దాటి లోపలికి వెళ్ళే వీలు నాకు లేదు. దాని మీద నా అభిప్రాయం వేరే రాసుకున్నాను. జావ కాచే పొయ్యి గానీ, మేత పెట్టే లోపలి గది గానీ నా కంటికి కనబడవన్నదే ఇక్కడ ముఖ్యం. పక్షిని బుట్టలో పెట్టి అరుగు మీదికి తెచ్చారు. ఈకలు ఇంకా పూర్తిగా రాలేదు. ఒళ్ళంతా వణుకుతోంది, నోరు తెరిచి ఎగశ్వాస పీలుస్తోంది, తిన్నదాంట్లో కొంత కక్కింది. మెడ కింద వేలు పెట్టి క్రాప్ తడిమాను. క్రాప్ అంటే మింగిన మేత కాసేపు నిలవుండే సంచి. చల్లారిన జావ పోస్తే అది అక్కడే పులిసి పక్షిని చంపుతుంది. ఈ పిల్లకు అలా లేదు. ఇది నరాలకు తగిలిన విషం లాగే ఉంది. అదే నన్ను కలవరపెట్టింది.

"గా కోడలు పిల్ల చేతి జావనే దీన్ని సంపుతాంది," అన్నది నర్సమ్మ బుగ్గలో పాన్ అటునుంచి ఇటు తిప్పుతూ. "పొద్దుగాల్ల పెట్టినప్పుడు మంచిగనే ఉంటది. పగటీలి మేతకే గిట్లయితది."

"పొద్దుటి జావ ఎవరు కాస్తారు?"

"గదే కాస్తది."

"పొద్దున కలపని విషం మధ్యాహ్నమే ఎందుకు కలుపుతుంది?"

"గది దాన్నే అడుగు."

సత్తెమ్మ తలుపు చాటున నిలబడి ఉంది. "పప్పు, నీళ్ళు, చిటికెడు ఉప్పు. అంతే సారూ," అన్నది. ఆ గొంతులో బెదురు లేదు. దాచేవాళ్ళు కూడా కొందరు అంతే నిబ్బరంగా మాట్లాడతారు. నేను ఆమెను నమ్మలేదు, అత్తగారినీ నమ్మలేదు. భార్య మీద మాట వస్తే నేల చూపులు చూసే రాఘవరెడ్డిని అసలే నమ్మలేదు. మేత ఎవరు పెడతారని అడిగితే "నేనే, నా చేతుల మీదుగనే" అన్నది నర్సమ్మ. ఆ పూట అంతకు మించి ఏమీ తేలలేదు.

మరునాడు మధ్యాహ్నం సత్తెమ్మ కాచిన జావను అరుగు మీదికి తెప్పించాను. మణికట్టు మీద చుక్క వేసుకుని గోరువెచ్చదనం చూసి, చెంచా అంచుతో నేనే పట్టాను. క్రాప్ మెత్తగా నిండింది. పిల్ల వణకలేదు, రెక్కలు టపటపలాడించి ఇంకా కావాలని అరిచింది.

నేను నోరు తెరిచే లోపే నర్సమ్మ అందుకుంది. "నువ్వున్నవని ఇయ్యాల కలపలే. అంత తెలివి లేదా దానికి?"

ఆమె అన్నదాన్ని కాదనడానికి నేను పొయ్యి దగ్గర లేను.

"రేపు పొద్దుగాల దాన్ని కీసరకు తోలకపోత సాబ్. ఇంట్ల అన్నం దినబుద్ధి అయితలేదు," అన్నాడు రాఘవరెడ్డి.

"అన్నం తినలేని మనిషివి, నీ భార్యను ఒక్క మాట అడగడం కూడా రాదా నీకు?" అన్నాను. ఒక్క పూట ఆగమని గట్టిగా చెప్పి, నర్సమ్మ వైపు తిరిగాను. "రేపు మీరు ఎప్పటిలాగే పెట్టండి. ఏదీ మార్చొద్దు. కాకపోతే ఇక్కడ, అరుగు మీద."

మరునాడు ఆమె అరుగు మీద దర్జాగా కూర్చున్నది. పక్కన తమలపాకుల పళ్ళెం. జావ వచ్చింది. బుగ్గలోని పాన్ తీసి పళ్ళెం అంచున పెట్టింది. రెండు వేళ్ళతో జావ తీసి తన నోట్లో వేసుకుని నమిలి, పిల్లను పెదవుల దగ్గరికి ఎత్తుకున్నది.

"ఆపండి!" అని అరిచాను.

నోట్లోది ఆకులో ఉమ్మమన్నాను. పసుపుగా ఉండవలసిన జావ గోధుమరంగు తిరిగి ఉంది. దగ్గరికి తీసుకుంటే పాన్‌లో వేసే జర్దా పొగాకు ఘాటు ముక్కుకు కొట్టింది. పొగాకులో ఉండే నికోటిన్ చిన్న పక్షికి చుక్క చాలు. ఆమె తన పిల్లలందరికీ, మనవలకూ తొలిముద్దలు అలాగే నమిలి పెట్టింది. అంతకంటే ప్రేమగా పెట్టే తీరు ఆమెకు తెలియదు. పొద్దుటిపూట పూజ కాకముందు పాన్ ముట్టదు, అందుకే పొద్దుటి మేత పిల్ల ఒంటికి పడింది. భోజనమయ్యాక జర్దా పాన్ లేకుండా ఉండలేదు.

"పాన్ తీసినంక పెడుతున్న గదా!" అన్నది.

"రసం నోట్లోనే ఉంటుందమ్మా."

ఆమె పక్షిని బుట్టలో దించింది. "మొదటిది గూడ..." అని ఆగింది.

"ఆ రోజుల్లో కూడా ఇలాగే పెట్టారా?" అంటే తల ఊపింది.

రాఘవరెడ్డి అప్పుడు తేలికపడ్డాడు. "అయితే ఇగ అయిపాయె. కీసరకు కట్టిన బండి ఎడ్లను ఇప్పుమంట," అన్నాడు.

తలుపు చాటునుంచి సత్తెమ్మ మొదటిసారి అరుగు మీదికి వచ్చింది. "ఇప్పకు. ఇయ్యాల కాకుంటే మల్లెప్పుడన్న కట్టుడే గదా."

పిల్లకు చెంచాతో మేత పట్టే పని ఆమెకే అప్పగించబోతే ఒప్పుకోలేదు. "రేపు దీని ఈకొకటి రాలితే మల్ల నా మీదికే వస్తది సారూ. ఇది సొంతంగ తినేదాంక ఉండి పట్టిస్త గానీ ఇక్కడనే, అందరు చూడంగ."

అలాగే జరిగింది. మకాం ముగిశాక నేను షామీర్‌పేట వెళ్ళినప్పుడల్లా ఆమె ఎండలో అరుగు మీదే కూర్చుని పట్టేది. పిల్ల మళ్ళీ వణకలేదు. తరవాత వీనింగ్ నేర్పాను. అంటే పట్టే మేత మాన్పించి సొంతంగా తినేలా చేయడం. చెంచా మేత ఒక్కసారిగా ఆపకూడదు. జామముక్క, పాలుపట్టిన జొన్నకంకి ఎదురుగా వదిలి, అది కొరకడం మొదలుపెట్టాకే ఒక్కో పూట తగ్గించాలి. పచ్చిమిర్చి పెడితే మాటలొస్తాయట కదా అని నర్సమ్మ అడిగింది. ముందు దాని ముక్కుతో దాన్ని తిననివ్వండి అన్నాను.

చిలుక చెంచాను నెట్టేసి కంకి ఒలుచుకున్న రోజు సత్తెమ్మ పంజరం అత్తగారి ముందు పెట్టి, ఎడ్లు కట్టమన్నది. ఎవరూ పంపలేదు. తనే వెళ్ళింది.

వానలు మొదలయ్యాక ఆ ఊరు వెళితే నర్సమ్మ మనిషిని పంపి పిలిపించింది. చిలుక ఏపుగా ఉంది. ఆమె చిక్కిపోయింది.

"డాక్టరు సాబ్, నువ్వు కీసర పోయి జర మా కోడలికి చెప్పు. నీ మాటయితే ఇంటది."

"పక్షి గురించి చెప్పవలసింది నేను చెప్పాను. ఇది మీరు అన్న మాట. మీరే వెళ్ళి వెనక్కి తీసుకోవాలి."

నన్ను కోపంగా చూసింది. తరవాత లోపలికి కేకేసింది: "రాఘవా, గూడుబండి కట్టు. నువ్వొద్దు, నేనొక్కదాన్నే పోత."

ఆమె వెళ్ళింది. కోడలు మాత్రం ఆ రోజు రాలేదు, అత్తగారు మళ్ళీ వెళ్ళినప్పుడూ రాలేదు. దసరా దాటాక వచ్చిందని విన్నాను. పొగాకు విషమైతే పక్షి ఒంట్లోంచి సాయంత్రానికల్లా దిగిపోయేది. ఆ కేసు తరవాత నా పనిలో ఒక నియమం పెట్టుకున్నాను. విషం పెట్టారంటూ ఎవరైనా మనిషి పేరు చెప్పబోతే అక్కడే ఆపేవాణ్ణి. ముందు మేత ఎలా పెడతారో నా కళ్ళ ముందు పెట్టి చూపించమనేవాణ్ణి. చాలామందికి కోపం వచ్చేది. రానీ అనుకునేవాణ్ణి.