గౌరి మజ్జలో లేత కణాలు

1986 ఎండాకాలం. మదనపల్లెలో ఒక ఆసుపత్రిలో పాథాలజిస్టుగా ఉన్నాను. రక్తాన్నో ఎముక మజ్జనో గాజుపలక మీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోపులో చూసి రోగం పేరు చెప్పడం నా పని. నా కళ్ళ మీద నాకు నమ్మకం కాస్త ఎక్కువే.

పుంగనూరు దగ్గర పట్టుపురుగులు పెంచే రెడ్డెప్ప కూతురు గౌరికి ఆరేళ్ళు. లుకేమియా అనే రక్త క్యాన్సరు తగ్గి, మందులు ఆపి కొన్ని నెలలైంది. మామూలు పరీక్షకని తీసిన మజ్జలో గుండ్రటి లేత కణాలు గుంపులుగా కనబడ్డాయి. అచ్చం పాత రోగపు కణాలే. రోగం తిరగబెట్టిందనీ, వెంటనే మందులు మొదలుపెట్టాలనీ పెద్ద డాక్టరుగారు అన్నారు. నాకూ అలాగే తోచింది. కానీ పిల్ల చూస్తే వార్డంతా పరుగులు. రోగమే అయితే ఆలస్యం ముప్పు, కాకపోతే ఆ మందులే ముప్పు.

"మల్లా ఆ మందులంటే తట్టుకోదమ్మా. ఇప్పుడిప్పుడే ఎంటికలు మొలస్తా ఉండాయి," అన్నాడు రెడ్డెప్ప.

బెంగుళూరులో అప్పుడే ఒక కొత్త పరీక్ష మొదలైంది. కణం పైపొర మీద దాని వయసును బట్టి గుర్తులుంటాయి. ఒక్కో గుర్తుకే అతుక్కునే యాంటీబాడీలకు మెరిసే రంగు కలిపి వేస్తే, తన మీద ఏ గుర్తు ఉందో కణమే వెలిగి చెబుతుంది. అయితే కణాలు బతికుండగానే చేరాలి. పెద్ద డాక్టరుగారిని గడువు అడిగి, మళ్ళీ మజ్జ తీసి, సీసాతో నేనూ రెడ్డెప్పా తొలి బస్సెక్కాం. ఐసు పెట్టకూడదు, ఎండ తగలకూడదు అని చెప్పాను.

"పురుగు గుడ్లు తెచ్చినట్టే తెస్తాలేమ్మా," అని సీసాను తడిగుడ్డలో చుట్టి, దారంతా కుదుపు తగలకుండా చేత్తో ఎత్తిపట్టుకునే కూర్చున్నాడు.

బెంగుళూరు ల్యాబులో, చీకటి గదిలో కణాలు పచ్చగా వెలిగాయి. లుకేమియా కణాలు ఒకే వయసు దగ్గర ఆగిపోయి, ఒకే గుర్తులతో ఉంటాయి. ఇక్కడ పసివి, కాస్త ఎదిగినవి, పూర్తిగా ఎదిగినవి, అన్నీ ఉన్నాయి. అది రోగం కాదు, మందుల దెబ్బ నుంచి కోలుకుంటున్న మజ్జ. ఇన్నేళ్ళుగా వట్టి చుక్కలనుకున్న వాటిలో ఇంత సంసారం ఉందా!

బయటికొచ్చి చెబితే రెడ్డెప్ప వెంటనే నమ్మలేదు. "అయితే సూది లేదా?" అని రెండుసార్లు అడిగాడు.

మందులు ఇవ్వలేదు. కొన్ని వారాల తర్వాత మళ్ళీ తీసిన మజ్జలో ఆ గుంపులు పలచబడ్డాయి.

ఎదుగుతున్న కణమూ, ఎదుగుదల ఆగిపోయిన కణమూ చూపుకు ఒకేలా ఉంటాయి. కణం రూపమొక్కటే చూసి, రోగం తిరగబెట్టిందని ఆ తర్వాత నేనెప్పుడూ సంతకం చేయలేదు.