సెకిట్టో గొంతు నిలిపిన టెయోపిస్టా

టెయోపిస్టా గురించి చెప్పమంటే నాకు కాస్త గర్వం ఎక్కువవుతుంది, ముందే చెబుతున్నాను. మా ఊరు వొబులెంజిలో రేడియోలూ యాంప్లిఫయర్లూ బాగుచేసే మనిషి ఆమె. చేతిలో ఎంత పనితనం ఉందో నోటిలో అంత వాడి ఉంది.

మా వీడియో హాల్లో సెకిట్టో పెద్దాయన పరాయి సినిమాలకు మైకులో మా భాషలో మాటలు చెప్పేవాడు. హీరో ఒకటంటే ఈయన రెండు కలిపి అనేవాడు. నాలాంటివాళ్లం సినిమా కోసం కాదు, ఆయన కోసమే వెళ్లేవాళ్లం. కిందటేడు గొంతుకి ఆపరేషన్ అయ్యాక ఆ గొంతు సన్నబడిపోయింది. సినిమావాళ్ల మాటల కింద ఆయన మాట మునిగిపోయేది.

"శనివారం కూడా వినబడకపోతే, మన భాషలో మాటలు ముందే రికార్డు చేసిన డిస్కులు తెచ్చుకుంటా," అన్నాడు హాలు యజమాని కవూమా. నాకు ఒళ్లు మండింది.

కవూమా తన తెలివంతా వాడాడు. మాటలొచ్చేది నడిమి స్పీకర్లోంచే కదా అని దాని తీగ పీకేశాడు. అవే మాటలు పక్క స్పీకర్లలోంచి అంతే గట్టిగా వచ్చాయి. అప్పుడు గానీ టెయోపిస్టాకి కబురు పంపలేదు.

శనివారం మధ్యాహ్నం వచ్చింది. పెద్దలకు మా ఆడవాళ్లు చేసే మర్యాద ప్రకారం మోకాళ్ల మీద కూర్చుని పెద్దాయనను పలకరించింది. లేచి కవూమాని నిలదీసింది.

"ఏమయ్యా, ఈ ఎర్ర తీగ, తెల్ల తీగ పెట్టి మాటలూ మోతలూ అన్నిటినీ రెండు దారుల్లో కలిపేశావు. పులుసులో కలిసిన ఉప్పుని ఇప్పుడు ఏరతావా?"

"నాకేం తెలుసక్కా! శబ్దం వస్తోందిగా అనుకున్నా."

"శబ్దం గాడిదకీ వస్తుంది."

ఆ రెండూ తీసేసి, దారులన్నిటినీ కలపకుండా మోసే ఆప్టికల్ తీగ బిగించింది. ప్లేయర్ సెట్టింగుల్లో డిజిటల్ ఔట్‌పుట్ అన్నిటినీ రెండుగా కలిపి పంపే 'పీసీఎం' మీద ఉంటే 'బిట్‌స్ట్రీమ్'కి మార్చింది. ఇక డిస్కులోని ఆరు దారులనూ యాంప్లిఫయరే విడదీస్తుంది. మాటలు వెళ్లే దారి నడిమి స్పీకర్ది కాబట్టి దాన్ని పీకినది పీకినట్టే ఉంచింది. ఈసారి తుపాకులు మోగాయి, వాన కురిసింది, సినిమావాళ్ల మాటలు మాత్రం రాలేదు.

ఆట మొదలైంది. హీరో ఉత్తి నోరు కదిపాడు. పెద్దాయన సన్నని గొంతు చివరి బల్ల దాకా వచ్చింది.

"ఒరేయ్ దొంగల్లారా! నన్ను చంపేముందు వెనకున్న టెయోపిస్టాని అడగండి. నా గొంతు తెచ్చిచ్చింది ఆవిడే!"

హాలంతా ఈలలు వేస్తూ వెనక్కి తిరిగింది. కవూమా డిస్కుల మాట మళ్లీ ఎత్తలేదు. అందరికీ జవాబిచ్చే టెయోపిస్టా ఆ పూట తలొంచుకుని తన సామాను సర్దుకుంది.

"ఎవరావిడ?" అన్నాడు నా పక్కనున్న కొత్తాయన.

"మా టెయోపిస్టా," అన్నాను, అవసరమైన దానికంటే గట్టిగా.