రోడ్డు మీద వడ్లు, సైకిల్ మీద సారు

ముందే చెప్పేస్తున్నాను. ఈ కథలో ఒక కోట ఉంది, నేను దాన్ని చేరలేదు. ఒక తుఫాను ఉంది, అది మమ్మల్ని చేరలేదు. ఈ మధ్యలో ఒక్క అరగంట దొరికితే, ఏ తుఫానూ చేయలేని నష్టాన్ని నా రెండు చేతులతో నేనే చేశాను. నవ్వొస్తే మొహమాటపడకండి. మా ఇంట్లో ఏడేళ్లుగా నవ్వుతూనే ఉన్నారు.

అప్పుడు నాకు ముప్పై అయిదేళ్లు. కరీంనగర్లో ఒక హైస్కూల్లో సోషల్ చెప్పేవాణ్ణి. బరువు తగ్గమని డాక్టరు అన్నందుకు గేర్ల సైకిలు కొన్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్త సైకిలువాడు పొద్దూ ఎరగడు, హద్దూ ఎరగడు. పొద్దున్న నాలుగు కిలోమీటర్లు తొక్కి, సాయంత్రం దాకా స్టాఫ్ రూములో దాని గురించే చెప్పేవాణ్ణి.

అయితే నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు ఒకటుంది. భయం. మా వైపు రోడ్ల మీద గ్రానైట్ లారీలు తిరుగుతాయి. ఇంటంత బండను వీపున వేసుకుని వెనక నుంచి హారన్ కొట్టాయంటే నా కాళ్లు పెడళ్లను వదిలేసేవి. అందుకని లారీలు లేని దారి కోసం ఊరంతా వాకబు చేశాను. చివరికి ఒక హోటల్లో చాయ్ పోసే ఆయన చెప్పాడు.

"ఎల్గందులకు వెనుక నుంచి ఊర్ల రోడ్డుంది సార్. పదిహేను రోజుల సంది దాని మీద ఒక్క బండి వోతలేదు."

ఎందుకు పోవడం లేదని అడగాలి కదా? 'కారణాలు వివరింపుము' అని పిల్లలకు నాలుగు మార్కుల ప్రశ్నలిచ్చే మనిషిని. అడగలేదు. ఎగిరి గంతేసి ఖాజా దుకాణానికి పోయాను.

ఖాజా నా స్నేహితుడు, గడియారాలు బాగుచేస్తాడు. సెకన్ల ముల్లుతో సంసారం చేసేవాడు కాబట్టి తొందరపడడు. "ఆదివారం ఎల్గందుల ఖిల్లాకు సైకిళ్ల మీద పోదాం, నేను చరిత్ర చెప్త," అంటే "చరిత్ర ఎట్లున్నా, టిఫిన్ మీదే సార్," అని ఒప్పుకున్నాడు.

కార్తీకమాసం. కోస్తాలో తుఫాను అని టీవీలో రెండు రోజులుగా చెబుతున్నారు. నేను రెండు రెయిన్ కోట్లు, గొడుగు, టార్చి, జ్వరం మాత్రలు, తాడు సర్దుకుని బయలుదేరాను. ఖాజా ఆ మూట చూసి, "సార్, మనం ఖిల్లాకు పోతున్నమా, హజ్‌కు పోతున్నమా?" అన్నాడు.

దారి మాత్రం నిజంగా బాగుంది. కోసిన పొలాలు, చల్లగాలి, పొలం మధ్యలో కాకతీయుల నాటి రాతిగుడి, దాని స్తంభాలకు ఆనించిన గడ్డిమోపులు. నేను తొక్కుతూనే రుద్రదేవుడి నుంచి మొదలుపెట్టాను. ఖాజా నా వెనకే వస్తూ, చలికి మఫ్లరు చెవుల మీదికి లాక్కున్నాడు. చలికేనని నేనిప్పటికీ నమ్ముతున్నాను. దూరంగా గుట్ట మీద కోట గోడ కనబడింది. ఒక్క లారీ లేదు, ఆటో లేదు, మోటారు సైకిలైనా లేదు.

ఎందుకు లేదో మలుపు తిరగ్గానే తెలిసింది. రోడ్డు నిండా వడ్లు. కనుచూపు మేర పసుపుపచ్చగా ఆరబోసి, అంచుల వెంట రాళ్లు పేర్చారు. బండ్లవాళ్లు తెలివైనవాళ్లు, వేరే దారిన పోతున్నారు. మేము మాత్రం సైకిళ్లు దిగి, అంచున నడిపించుకుంటూ పోయాం.

ఆకాశం చూస్తే నల్లబడుతోంది. నా గుండె దడదడ మొదలైంది. వడ్లు నావి కావు, పొలం నాది కాదు, అయినా దడ నాదే. అక్కడ కాళ్లతో వడ్లను తిరగేస్తున్న ఒక పెద్దామె, పేరు రాజవ్వ, మమ్మల్ని ఆపింది.

"సారూ, మబ్బు వట్టింది. ఇంటికి వోయి వడ్ల మీద కప్పెటి పరదా తెచ్చుకుంట. కోళ్లు రాకుండ జర కనిపెట్టుండ్రి."

"ఫికర్ చెయ్యకమ్మా, మేమున్నం," అన్నాను.

గమనించండి. ఆమె అడిగింది కోళ్ల గురించి. కోళ్లను మాత్రమే.

ఆమె పోయిన అయిదు నిమిషాలకు ఎక్కడో ఉరిమింది. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక అన్నారు పెద్దలు. నాకెరుకే అనుకున్నాను నేను. ఆమె ఏడాది కష్టం నా కళ్ల ముందే వరదలో కొట్టుకుపోతున్నట్టు అనిపించింది.

"ఖాజా, కుప్ప చేద్దాం పా!"

"నక్కో సార్. మనది కాదు, మనకు తెల్వదు, ముట్టుకోవద్దు."

"తడిస్తే మొలకలొస్తయ్ భాయ్! పాపం కాదా?"

"వాచీ తెలియనోడు తెరిస్తే ఏమైతదో నేను రోజూ చూస్తున్న సార్," అన్నాడు ఖాజా. నేను వినలేదు. అక్కడే పడున్న చెక్క పలకను అందుకుని నెట్టడం మొదలుపెట్టాను. నెట్టేవాణ్ణి ఒక్కణ్ణే వదలలేక వాడూ చేయి వేశాడు.

వడ్ల మధ్యలో అడ్డంగా ఒక రాళ్ల వరస ఉంది. నెట్టడానికి అడ్డమని ఒక్కో రాయినీ తీసి రోడ్డు పక్కన నీటుగా పేర్చాను. రాళ్లకు అవతలి వడ్లు సన్నగా, ఇవతలివి కాస్త లావుగా కనిపించాయి. ఇవతలివి బాగా ఎండి ఉంటాయిలే అనుకున్నాను. ఎండితే ఏదైనా లావెక్కుతుందా? ఈ ప్రశ్న ఆ రోజు మాత్రం నాకు తట్టలేదు. అరగంటలో అటువీ ఇటువీ కలిపి గోపురంలాంటి ఒకే కుప్ప చేసి, నడుము పట్టుకుని నిలబడ్డాను.

రాజవ్వ పరదా నెత్తిన పెట్టుకుని పరుగున వచ్చింది. కుప్ప చూసింది. పరదా కింద పడింది.

"సారూ, గిదేంది?"

"కుప్ప చేసినమమ్మా, తడవకుండ," అన్నాను, దండ వేయించుకోవడానికి మెడ కాస్త వంచి.

"నడుమ రాళ్లు వెట్టినం గదా! గవెటు వోయినయ్?"

"అడ్డమస్తున్నయని తీసిన. చూడు, వరుసగ పెట్టిన."

"అయ్యో దేవుడా! ఇటువి నా దొడ్డు వడ్లు, సర్కారు కొనే సెంటర్ల అమ్మేటియి. అటువి మా ఏరాలు పోశవ్వ సన్నాలు! రెండు గలిపి పెడితివా?"

ఏరాలంటే మరిది భార్య. ఆ ఇద్దరికీ పొలం గట్టు దగ్గర గొడవై మూడేళ్లుగా మాటల్లేవట. ఆ రాళ్ల వరస వడ్లకే కాదు, వాళ్లిద్దరికీ నడుమ పెట్టుకున్న గట్టు. దాన్ని పెరికి పక్కన పెట్టింది నేను. అంతలో పోశవ్వ కూడా వచ్చింది. ఇద్దరూ మూరెడు దూరంలో నిలబడి నాతోనే మాట్లాడారు.

"సారూ, నా వడ్లను ముట్టుమని ఎవలు చెప్పిండ్రో ఆమెను అడుగుండ్రి," అంది పోశవ్వ.

"సారూ, నేను కోళ్లను చూడుమన్న, కుప్ప చెయ్యుమన్లే అని ఆమెకు చెప్పుండ్రి," అంది రాజవ్వ.

నేను అటు చెప్పాలా ఇటు చెప్పాలా తెలియక మెడ తిప్పుతూ, ఏదో ఒక దారి చూపాలని, "చేటతో చెరిగితే?" అన్నాను.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "చెరిగితే పొల్లు వోతది సారూ! దొడ్డువి యాడికి వోతయ్?" అన్నారు ఒకేసారి. మూడేళ్ల తరవాత ఆ ఇద్దరూ కలిసి అన్న మొదటి మాట అదే. రెండో మాట నా చదువు గురించి. అది ఇక్కడ రాయను.

"సార్," అన్నాడు ఖాజా మెల్లగా, "ధూప్ వచ్చింది."

తల ఎత్తాను. మబ్బులు ఎటో పోయాయి. కోట గోడ మీద ఎండ తళతళలాడుతోంది. చినుకు కాదు కదా, తుంపర కూడా పడలేదు.

పోశవ్వ కుప్ప పక్కన కూర్చుని, గుప్పెడు వడ్లు తీసి, సన్నవీ దొడ్డువీ వేలితో వేరు చేసి చూసింది. నాలుగు గింజలకే చెయ్యి ఆగిపోయింది. "అమ్మేటియి అయితే గింత బాధ లేకపోవు సారూ. గివి మా తిండి గింజలు. ఏడాది పొడుగు పిల్లలు తినేటియి," అంది. గట్టిగా తిట్టినా బాగుండేది. ఆ మాటకు నాకు నిజంగా సిగ్గేసింది. నా భయం తీర్చుకోవడానికి ఆమె కంచంలో చెయ్యి పెట్టానని అప్పుడు అర్థమైంది.

"కలిసినయి సెంటర్ల తీసుకోరు," అంది రాజవ్వ.

"సార్ ఇంట్ల తినేటోళ్లు నలుగురున్నరు," అన్నాడు ఖాజా. స్నేహితుడంటే అలా ఉండాలి.

అదే తీర్పైంది. పోశవ్వకు అన్నే సన్నాలు కొనిచ్చాను. రాజవ్వకు సెంటర్ ధర ఇచ్చాను. కుప్ప మాత్రం ట్రాక్టర్ ఎక్కి మా ఇంటికి వచ్చింది. ముందు ట్రాక్టరు, వెనక సైకిలు మీద నేను. మా ఆవిడ సుగుణ గేటు దగ్గర నిలబడి సంచులు దిగేదాకా చూసింది.

"ఖిల్లా చూడవోతున్న అంటిరి. గిదేనా ఖిల్లా?"

ఆ బియ్యం గురించి ఏం చెప్పను? దొడ్డువి ఉడికేదాకా ఆగితే సన్నవి జావ అవుతాయి. సన్నవి చూసి దించితే దొడ్డువి పంటికింద పటపటమంటాయి. ఏడాది పాటు, రోజూ రెండు పూటలా, నా తప్పును నేనే కలుపుకుని తిన్నాను. పిల్లలు దానికి 'ఖిల్లా బువ్వ' అని పేరు పెట్టారు. చుట్టాలొస్తే సుగుణ నవ్వుతూ వడ్డించేది. "తినుండ్రి అన్నా, మీ బావ స్వయంగ కలిపిండు."

మరుసటి కార్తీకంలో, ఈసారైనా కోట చూద్దామని మళ్లీ ఖాజాను లేపి అదే దారిన పోయాను. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది, మబ్బు తునక లేదు. మలుపు దగ్గర రోడ్డు నిండా వడ్లు, పక్కపక్కనే రాజవ్వ, పోశవ్వ. పలకరిద్దామని బెల్లు కొట్టాను. పోశవ్వ తలెత్తి నన్ను చూసి, ఊరంతా వినబడేలా కేక పెట్టింది.

"అక్కా! సైకిల్ సారు అస్తుండు! పరదాలు గుంజు, పరదాలు గుంజు!"

పెళపెళమని రోడ్డు పొడవునా నీలం పరదాలు పరుచుకున్నాయి. ఖాజా నవ్వు ఆపుకోలేక సైకిలు పడేశాడు. మేము అక్కడినుంచే వెనక్కి తిరిగాం.

కాబట్టి నా గేర్ల సైకిలు హ్యాండిల్ మీద చెయ్యి వేసి, పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎంత ఉరిమినా ఎవరి వడ్లనూ ముట్టను. ఎవరి నడుమ రాయినీ కదపను. కోళ్లను చూడమంటే కోళ్లనే చూస్తాను. ఎల్గందుల కోటకు పోవాల్సి వస్తే గ్రానైట్ లారీల మధ్య నుంచే, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పోతాను. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవు కానీ, నా రాకడ మాత్రం ఆ ఊళ్లో కోళ్లకు కూడా తెలుసు.