పక్కింటి సిగ్నల్

మా అత్తగారు సింగపూరు వచ్చిన రెండో వారానికల్లా ఆవిడ అక్కచెల్లెళ్ళ మోకాళ్ళ నొప్పుల సంగతి మా కారిడార్ మొత్తానికి తెలిసిపోయింది. అక్కడెవరికీ తెలుగు రాదు కాబట్టి తెలిసిపోయిందని అనకూడదేమో గానీ, వినిపించడం మాత్రం అందరికీ వినిపించింది.

బాబు పుట్టాక నేను మళ్ళీ ఆఫీసుకి వెళ్ళాల్సి వచ్చినప్పుడు, వాణ్ణి చూసుకోడానికి ఆవిడ పాలకొల్లు నుంచి వచ్చారు. ఐటీ వాళ్ళకి అవి మంచి రోజులు. బెడోక్‌లో మా బ్లాక్ కింద బస్టాపులో పొద్దున్నే నిలబడితే ఎవరో ఒకరు తెలుగులో ఫోన్ మాట్లాడుతూ కనిపించేవారు. నేను ఒక బ్యాంకులో సాఫ్ట్‌వేర్ పని చేసేదాన్ని. మా ఆయనది లండన్ వాళ్ళ ప్రాజెక్టు. లండన్‌లో తెల్లవారేసరికి ఇక్కడ మధ్యాహ్నం దాటుతుంది. అప్పట్నుంచి రాత్రి భోజనాల దాకా హాల్లో డైనింగ్ టేబుల్ దగ్గర హెడ్‌సెట్ తగిలించుకుని కూర్చునేవారు. ఆ టైములో ఇంట్లో ఎవరికైనా దగ్గొచ్చినా వంటింట్లోకి వెళ్ళి దగ్గాల్సిందే.

అత్తగారు మెల్లగా మాట్లాడే మనిషి కాదు. ట్రంకు కాల్ రోజుల్లో నేర్చుకున్న గొంతు అది. పోనీ వెనక గదిలో తలుపేసుకుని మాట్లాడుకోండి అందామంటే అక్కడ వైఫై రాదు. ఇక్కడి ఫ్లాట్లలో, బాంబులు పడితే దాక్కోడానికని ఒక చిన్న గది కట్టేస్తారు. మందపాటి కాంక్రీటు గోడలు, ఇనప తలుపు. మేం అందులో బియ్యం బస్తాలు, సూట్‌కేసులు, ఆవకాయ జాడీ పెట్టుకున్నాం. హాల్లో ఉన్న వైఫై పెట్టెకీ వెనక గదికీ మధ్య సరిగ్గా ఆ గదే అడ్డం. బాంబుని ఆపడానికి కట్టిన గోడ వైఫైని ఎందుకు వదులుతుంది? ఫోన్లో చెల్లెలి మొహం ముక్కలు ముక్కలుగా వచ్చి, ఆవిడ నోరు తెరవగానే అక్కడే ఆగిపోయేది.

ఒకరోజు బాబుని ఎత్తుకుని కారిడార్‌లో తిప్పుతూ, పక్కింటి గుమ్మం దగ్గర తన ఫోన్లో వైఫై గీతలు నిండుగా కనిపించడం ఆవిడ చూశారు. అది ఎవరిదని అడిగారు. పక్కింటివాళ్ళదని చెప్పాను. అడిగితే ఇవ్వరా అన్నారు. ఇక్కడ అలాంటివి అడగరండీ అన్నాను. ఆ ముక్క మాత్రం ఆవిడకి అర్థం కాలేదు. ఇంట్లో తోడుకి పెరుగు లేకపోతే గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్ళడం ఆవిడకి తెలుసు. ఒక చెంచాడు ఇస్తే వాళ్ళకేం తరిగిపోతుంది, తెల్లారేసరికి మనింట్లోనూ పెరుగుంటుంది. ఇదీ అలాంటిదేగా అన్నారు. పదేళ్ళుగా కంప్యూటర్ల మధ్య బతుకుతున్నదాన్ని, దానికి పాస్‌వర్డ్ ఉంటుందండీ అని గొణిగి బాబుకి పాలు కలపడానికి వెళ్ళిపోయాను.

మర్నాడు నేను ఆఫీసులో ఉండగా, గిన్నెలో సున్నుండలు పెట్టుకుని వెళ్ళి అడిగేశారు. పక్కింట్లో ఉండేది ఒక మలయ్ ఆంటీ. భర్త పోయాడు, కొడుకు షిఫ్టు డ్యూటీలు చేస్తాడు. ఆ ఫ్లాట్‌లోకి వచ్చినప్పట్నుంచీ ఆవిడకీ నాకూ మధ్య లిఫ్టులో చిరునవ్వు తప్ప మరేమీ లేదు. అత్తగారికి ఇంగ్లీషు రాదు, ఆంటీకి తెలుగు రాదు. ఏం సైగలు చేసుకున్నారో గానీ, ఆంటీ ఫోన్ లోపలికి తీసుకెళ్ళి, కనెక్ట్ చేసి తెచ్చిచ్చిందట.

వాళ్ళ సిగ్నల్ వాళ్ళ గుమ్మం ముందే బాగుండేది. అందుకని రోజూ సాయంత్రం అక్కడ, ఆంటీ కరివేపాకు కుండీల పక్కన, ప్లాస్టిక్ కుర్చీలో మా అత్తగారు. నైటీ, భుజాల మీద తువ్వాలు, ఒళ్ళో బాబు. పక్క కుర్చీలో ఆంటీ. ఫోన్లో పాలకొల్లు. నేను ఆఫీసు నుంచి వచ్చి లిఫ్టు తలుపు తెరుచుకోగానే, మళ్ళీ వంకాయేనా వండావు అని చెల్లెల్ని నిలదీస్తున్న గొంతు వినిపించేది. నాతోపాటు దిగినవాళ్ళ మొహాలు చూడలేక, బ్యాగులో తాళాలు వెతుక్కుంటున్నట్టు నటించేదాన్ని. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఈ ఊళ్ళో గొంతు తగ్గించి మాట్లాడ్డం, ఆఫీసులో క్యారేజీ మూత తీసేముందు చుట్టూ చూసుకోవడం ఎంతో కష్టపడి నేర్చుకున్నాను. నేను దాచుకున్నదంతా ఆవిడ తీసుకెళ్ళి కారిడార్‌లో ఆరబోశారనిపించేది. మా ఆయనతో చెబితే, అమ్మకి కాలక్షేపం కదా అని మళ్ళీ హెడ్‌సెట్ పెట్టేసుకున్నారు.

వాళ్ళిద్దరికీ మాత్రం ఏ ఇబ్బందీ లేదు. ఆ చెల్లెలు, మా చిన్నత్తగారు, పాలకొల్లు నుంచి “బాగున్నారా” అని అరిస్తే, ఆంటీ ఫోన్లోకి వంగి “బాగూనారా” అని తిరిగి అరిచేది. ఒకసారి బాబుకి కడుపునొప్పి వచ్చి గుక్కపట్టి ఏడుస్తుంటే, ఆంటీ ఏదో నూనె తెచ్చి పొట్టకి రాసిందట, వాడు అక్కడే నిద్రపోయాడట. అత్తగారు అది సంబరంగా చెప్పారు. ఎవరు పడితే వాళ్ళచేత ఏం నూనె పడితే అది రాయించేస్తారా అని నేను విసుక్కున్నాను.

ఒక ఆదివారం గుళ్ళో ప్రసాదం దగ్గర, అంతంతమాత్రం పరిచయం ఉన్న ఒకావిడ నవ్వుతూ నా దగ్గరికొచ్చింది. మీ అత్తగారు రోజూ బయటే కూర్చుంటున్నారటగా, పాపం ఇంట్లో వైఫై వాడుకోనివ్వరా అంది. ఆవిడ ఉండేది యీషున్‌లో. అంటే కోడలు పెద్దావిణ్ణి వీధిలో కూర్చోబెట్టిందన్న కబురు బెడోక్ దాటి అంత దూరం వెళ్ళిందన్నమాట. పులిహోర సగంలోనే వదిలేసి బయల్దేరాను.

ఇంటికి వెళ్ళేదారిలోనే రేంజ్ ఎక్స్‌టెండర్ కొన్నాను. సబ్బుపెట్టెంత ఉంటుంది. గోడ ప్లగ్గులో పెడితే, హాల్లోంచి వచ్చే సిగ్నల్ అందుకుని ఇంకొంచెం దూరం పంపుతుంది. తీసుకొచ్చి తిన్నగా వెనక గదిలో పెట్టాను. ఎర్ర లైటు. తీసి మళ్ళీ పెట్టాను. మళ్ళీ ఎర్ర లైటే. దానికే సిగ్నల్ అందని చోట పెడితే అది ఎవరికి పంచుతుంది? ఆ మాత్రం తట్టడానికి సాయంత్రమంతా పట్టింది. చివరికి వంటింటి గుమ్మం పక్కన, ఇటు హాలూ అటు వెనక గది తలుపూ కనిపించేచోట, మిక్సీ ప్లగ్ పీకి పెడితే పచ్చ లైటు వెలిగింది. ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా అంత సంబరపడలేదు.

ఇంక మీరు బయటికి వెళ్ళక్కర్లేదండీ, హాయిగా మంచం మీద కూర్చుని మాట్లాడుకోవచ్చు అన్నాను. అత్తగారు కాసేపు నా మొహంలోకి చూశారు. ఏమైనా అడుగుతారేమోనని భయపడ్డాను. అడగలేదు. మంచిపని చేశావు అన్నారు.

మర్నాటి నుంచి కారిడార్ నిశ్శబ్దంగా ఉంది. నేను లిఫ్టులోంచి తలెత్తుకుని దిగాను. వెనక గదిలో చిన్నత్తగారి మొహం ముక్కలవకుండా, చక్కగా వచ్చేది. కానీ మాటలు తొందరగా అయిపోయేవి. ఆ పక్కింటావిడేదే, కనబడ్డం లేదేంటి అని పాలకొల్లు నుంచి అడగడం, ఉందిలే అని ఈవిడ మాట మార్చేయడం తలుపు సందులోంచి వినిపించేది. తర్వాత్తర్వాత ఫోన్ పక్కన పడేసి బాబుని జోకొడుతూ పడుకునేవారు. కొత్త మోజు తీరిపోయిందిలే అని నాకు నేను చెప్పుకున్నాను.

వారం దాటాక ఒక సాయంత్రం బెల్లు మోగింది. తలుపు తీస్తే ఆంటీ. చేతిలో మా సున్నుండల గిన్నె, దాని నిండా కరివేపాకు.

“యువర్ మదర్ సిక్ ఆ?” అని అడిగింది.

లేదు, బాగానే ఉన్నారన్నాను. ఆవిడ కాస్త తటపటాయించి, ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చెప్పింది. పాస్‌వర్డ్ తను మార్చలేదట. కొడుకు మార్చాడేమోనని వాణ్ణి కూడా అడిగిందట, వాడూ మార్చలేదట. ఒకవేళ నెట్ రాకపోతే అది కంపెనీవాళ్ళ వల్లే గానీ తన వల్ల కాదట.

“ఐ నెవర్ కట్, ఓకే? యూ టెల్ హర్ లా,” అంది.

తను ఇవ్వడం మానేసిందని మేం అనుకుంటున్నామేమోనని ఆ పెద్దావిడ ఇన్నాళ్ళూ బాధపడుతోంది. ఇచ్చిన మనిషే మా గుమ్మంలోకి వచ్చి సంజాయిషీ చెప్పుకుంటోంది. నా వెనకాల వంటింటి పక్కన ఆ పచ్చ లైటు వెలుగుతోంది. అది ఆవిడకి కనబడకుండా కొంచెం పక్కకి జరిగాను. అబద్ధం చెబుదామనుకున్నాను గానీ నోరు రాలేదు. మా ఇంట్లోనే సిగ్నల్ బాగుచేసుకున్నాం ఆంటీ, అందుకని అన్నాను.

“ఓ. గుడ్, గుడ్,” అంది. “దెన్ నో నీడ్ టు కమ్ ఆల్రెడీ.”

నవ్వుతూనే అంది. ఇంక రావక్కర్లేదులే అన్న ఆ మాటలో నిష్ఠూరం కూడా లేదు. గిన్నె నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. నేను తలెత్తి చూడలేకపోయాను.

వెనక్కి తిరిగితే అత్తగారు బాబుని భుజాన వేసుకుని గది బయట నిలబడి ఉన్నారు. ఏమంటోంది ఆవిడ అని అడిగారు. వాళ్ళిద్దరి మధ్య నా అనువాదం కావాల్సి రావడం అదే మొదటిసారి. ఉన్నదున్నట్టు చెప్పాను, పాస్‌వర్డ్ సంగతీ, ఇంక రావక్కర్లేదన్న సంగతీ.

ఆవిడ బాబుని ఇంకో భుజం మీదకి మార్చుకున్నారు. తర్వాత, నేనెప్పుడూ వినని సన్నటి గొంతుతో, “అవసరం తీరాక మొహం చాటేశాననుకుంటది గదా,” అన్నారు. “ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్ళనమ్మాయ్?”

నామీద కోప్పడినా బాగుండేది. తనే ఏదో తప్పు చేసినట్టు సిగ్గుతో కుంచించుకుపోతున్నారు. ఆ సిగ్గు ఆవిడకి అంటగట్టింది నేనే. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నేనూ వస్తాను పదండి, ఆంటీకి అంతా నేను చెబుతాను అన్నాను. ఆవిడ బాబుని నా చేతికిచ్చి, చెప్పులు తొడుక్కుని తలుపు దాకా వెళ్ళి ఆగారు.

“నువ్వొద్దులే అమ్మాయ్, నేనే వెళ్ళొస్తా. నువ్వొస్తే పాపం ఆవిడ ఇంగ్లీషులో మాట్లాడాల్సొస్తది.”